ఒక బొక్క ఎక్కువ

ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు చింతగింజంత ఉంటుంది. తూకం వేస్తే ఇంకా తక్కువే తూగుతుందేమో. నా చేత్తోనే తీశాను, నా చేత్తోనే పారేశాను, అయినా మోస్తూనే ఉన్నాను. బరువులెత్తడంలో నేనెప్పుడూ గట్టివాణ్ణి కాను. అందుకే ఒకసారి దించి చూద్దామని కూర్చున్నాను. ఎదురుగా మీరున్నారనుకుంటున్నాను. మీరు నవ్వకపోతే మేలు. నేను నోరు తెరిస్తే చాలు, ఎదుటివాళ్లు ముందే నవ్వడానికి సిద్ధపడతారు. నా ఇబ్బందంతా అక్కడే మొదలైంది.

పేరు రాయను. ఎముకల డాక్టర్ని. ఇల్లు జగిత్యాలలో, దవాఖాన కోరుట్లలో. వారానికొకరోజు సిరిసిల్లలో ఒక నర్సింగ్ హోంలో కూర్చుంటాను. ఈ మూడింటి మధ్య కారులో ఒక్కణ్ణే తిరుగుతాను. నా భార్య వరంగల్‌లో లెక్చరర్. మొదట్లో ప్రతి ఆదివారం ఒకరింటికి ఒకరం వెళ్లేవాళ్లం. తరవాత నెలకొకసారి. ఇప్పుడు పండుగల మీద ఆధారపడ్డాం. గొడవేమీ లేదు. గొడవ పడాలన్నా ఇద్దరూ ఒకచోట ఉండాలి కదా.

నా దగ్గరికి వచ్చేవాళ్లు వైద్యం కోసం సగం, మాటల కోసం సగం వస్తారు. చెయ్యి విరిగినవాడు నవ్వుకుంటూ బయటికి పోతే, వరండాలో కూర్చున్నవాళ్లకు ధైర్యం వస్తుంది. ఇది మంచి గుణమేనని చాలాకాలం నమ్మాను. దీనికొక లోపం ఉందని తరవాత తెలిసింది. నవ్వినవాళ్లందరూ వెళ్లిపోతారు. సాయంత్రం షట్టరు దించాక మిగిలేది నేనొక్కణ్ణే, నాకు నేను చెప్పుకునే జోకులన్నీ నాకు ముందే తెలుసు.

ఇక నర్సాగౌడ్ సంగతి.

మా ఊరు రాయికల్ అవతల. మా తాతలు ఆ ఊరికి పెద్దలు. ఆ పెద్దరికంలో నా వాటాకు వచ్చినవి రెండు మామిడిచెట్లూ, నేను కనబడితే ముసలివాళ్లు భుజం మీది తువ్వాల తీసే అలవాటూ. నర్సాగౌడ్ ఆ ఊరివాడే. తాటిచెట్లు గీసి కల్లు దించేవాడు. నాకన్నా కొంచెం చిన్న. నడుముకు మోకు వేసుకుని ఆయన చెట్టెక్కుతుంటే, ఆయన ఎక్కుతున్నట్టు ఉండేది కాదు, చెట్టే ఆయన్ని మర్యాదగా పైకి సాగనంపుతున్నట్టు ఉండేది. చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. చూడకుండా ఉంటే ఇది రాయడం కొంత తేలికయ్యేది.

ఒకనాటి పొద్దున దిగుతుండగా మోకు జారింది. పెద్ద ఎత్తు కాదు, చివరి నిలువెత్తు మాత్రమే. వేళ్లు కిందికి పొడుచుకున్నట్టుగా పాదం పొలం గెట్టు మీద పడింది. మడమ వెనక ఏదో టప్పుమంది. మోచ్ అచ్చిందనుకున్నాడు, మావైపు బెణుకును అలాగే అంటారు. పసుపూ సున్నమూ పట్టు వేసి, వాపు తగ్గకపోతే కోరుట్లకు నా దగ్గరికి వచ్చాడు.

ఆ రోజు వరండా నిండా జనం. చీలమండ బెణికితే మామూలుగా నొప్పి ఉండేది పక్కల్లో. పక్కల్లో నొక్కాను. నొప్పి అని పెద్దగా అనలేదు. ఎక్స్‌రే తీయించాను. పక్కనుంచి తీసిన దాంట్లో, చీలమండ ఎముక వెనకాల ఒక చిన్న ముక్క విడిగా కనబడింది.

ఇక్కడ కొంచెం ఎముకల సంగతి చెప్పాలి. చెప్పకపోతే నా తప్పు నిజంగా ఉన్నదానికన్నా చిన్నగా కనబడుతుంది. ఆ సౌకర్యం ఇన్నేళ్లు వాడుకున్నాను, చాలు.

పిక్క కింది ఎముకలకూ మడమ ఎముకకూ మధ్య ఒక ఎముక ఇరుక్కుని ఉంటుంది. ఒంటి బరువంతా దాని మీదుగానే నేలకు దిగుతుంది. దానికి వెనకవైపు చిన్న తోకలాంటిది ఉంటుంది. కొందరికి ఎదిగే వయసులో ఆ తోక అసలు ఎముకతో అతుక్కోదు. వేరే చిన్న ఎముకగా అలా పక్కనే ఉండిపోతుంది. అది జబ్బు కాదు, చాలామందికి ఉన్నట్టు కూడా తెలియదు. మరికొందరికి, చాలా అరుదుగా, పాదం కిందికి మడతపడి దెబ్బ తగిలినప్పుడు ఆ తోక విరుగుతుంది. ఎక్స్‌రేలో రెండూ ఒకేలా ఉంటాయి. తేడా అంచుల్లో ఉంటుంది. విడిగా పెరిగిన ఎముక అంచు ఏటిరాయిలా నున్నగా ఉంటుంది. విరిగిన ముక్క అంచు గరుకుగా, విరిచిన బెల్లంముక్కలా ఉంటుంది. అనుమానం వస్తే రెండో కాలు కూడా తీసి పోల్చాలి. మడమ వెనక, పిక్కను మడమతో కలిపే పెద్దనరానికి ముందు వేలు పెట్టి నొక్కాలి. బొటనవేలు ముడవమనాలి. ఆ వేలిని ముడిచే నరం ఈ తోకను ఒరుసుకుంటూ పోతుంది కాబట్టి, విరిగి ఉంటే ముందు వేలు కదిపితే వెనక మడమలో కలుక్కుమంటుంది. అప్పటికీ తేలకపోతే సీటీ స్కాన్ తీయించాలి. విరిగినట్టు తేలితే మోకాలి కింది నుంచి కట్టు వేసి, కొన్ని వారాలు ఆ కాలు నేల మీద పెట్టనివ్వకూడదు. ముక్క పెద్దదై జరిగి ఉంటే స్క్రూ వేయాలి.

ఇవన్నీ నాకు అప్పుడే తెలుసు. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే మంచి మార్కులే తెచ్చుకున్నాను. తెలియనివాడైతే ఇంకో డాక్టరుకు చూపించమనేవాడు. నర్సాగౌడ్ అదృష్టం, నాకు తెలుసు.

వీటిలో ఒక్కటీ చేయలేదు. ఎందుకని? తీరిక లేకనా? తీరిక లేనిది నిజమే, కానీ బొటనవేలు ముడవమనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ ముక్కను చూడగానే నాకు రెండు గుర్తుకొచ్చాయి. ఒకటి, విడిగా పెరిగే ఆ ఎముకకున్న అరుదైన పేరు. రెండోది దాని మీద ఒక జోకు. ఈ రెండూ వచ్చాక ఇక అనుమానానికి చోటు మిగల్లేదు.

"నర్సన్నా, నీకు ఒక బొక్క ఎక్కువున్నది," అన్నాను.

మావైపు ఎముకను బొక్క అంటాం. కోస్తా నుంచి వచ్చిన మా మత్తు డాక్టరు ఈ కథ మొదటిసారి విన్నప్పుడు, రంధ్రం ఎక్కడుందని అడిగాడు. అప్పుడు నవ్వాను. ఇప్పుడాలోచిస్తే ఆయనే సరిగ్గా విన్నాడనిపిస్తుంది.

నర్సాగౌడ్ కాలు చూసుకున్నాడు. "ఎక్కువంటె మంచిదేనా సారు?"

"తక్కువ కన్న మంచిదే. నిన్ను చేసేటప్పుడు దేవుడు లెక్క తప్పిండు."

"గాయన గూడ పొద్దుపొద్దుగాల నా కల్లు తాగిండా ఏంది?"

వరండా దాకా నవ్వు పాకింది. ఒప్పుకోవాలి, ఆయన మాటే నాదానికన్నా బాగుంది. ఇద్దరం కలిసి ఒక మంచి నాటకం ఆడినట్టు అనిపించింది. గుడ్డపట్టీ చుట్టించి, "నాలుగొద్దులు ఆగి చెట్టెక్కు, ఏం కాదు," అని పంపాను.

ఆయన ఎక్కాడు. దొరవారి మనవడు, పైగా డాక్టరు, ఏం కాదన్నాక నొప్పి ఉన్నా అది నొప్పి లెక్కలోకి రాదు. ఊళ్లో ఆయన పేరు బొక్క నర్సన్న అయింది. కల్లు తాగేకాడ ఎక్స్‌రే ఎండకు పట్టి అందరికీ చూపించేవాడట. కుంటుతున్నావేందిరా అని ఎవరైనా అడిగితే, "అందరికన్న ఒకటి ఎక్కువ మోస్తున్న గద," అనేవాడట. ఇవన్నీ మా ఊరివాళ్లు కోరుట్ల వచ్చినప్పుడు నాకు చెప్పేవాళ్లు. నేను మురిసిపోయేవాణ్ణి. నా జోకు నా ఊళ్లో నడుస్తోంది. కుంటుతూ నడుస్తోందన్నది నాకు పట్టలేదు. నా భార్యకు కూడా చెప్పాను. ఆమె మనసారా నవ్వింది. నా మాటకు ఆమె అలా నవ్విన చివరి సందర్భాల్లో అదొకటి, అందుకే ఆ తరవాత సంగతి ఆమెకు చెప్పలేకపోయాను. చెబితే ఆ నవ్వును కూడా వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది.

కొన్ని నెలల తరవాత ఆయన మళ్లీ వచ్చాడు. ఆ కాలి పిక్క చిక్కిపోయి ఉంది. కుర్చీలో కూర్చునేటప్పుడు చేత్తో కుర్చీ పట్టుకుని కూర్చున్నాడు. నవ్వు మాత్రం అలాగే ఉంది. ఈసారి బొటనవేలు ముడవమన్నాను. ముడిచాడు, కళ్లు మూసుకున్నాడు. మడమ వెనక వేలు పెట్టాను. కుర్చీ మీంచి లేచాడు.

కరీంనగర్ పంపి సీటీ తీయించాను. తెచ్చి వెలుతురు పెట్టె మీద పెట్టాక, చూడటానికి ఎంతోసేపు పట్టలేదు. అంచు గరుకుగా ఉంది. ముక్క జరిగింది. దాని కింద, మడమ ఎముకతో కలిసే కీలు అరగడం మొదలైంది. అన్ని నెలలు ఆయన విరిగిన ఎముక మీద చెట్లెక్కాడు. నేను ఎక్కమన్నాను కాబట్టి ఎక్కాడు.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఇది మీరు గమనించాలి. అప్పటిదాకా నాది పొరపాటు. అరుదైన ఫ్రాక్చరు, మంచి డాక్టర్లు కూడా బెణుకనుకుని వదిలేసేది, పుస్తకాల్లో కూడా జాగ్రత్త అని రాసి ఉన్నది. "నర్సన్నా, నేను సరిగ్గ చూడలే" అంటే సరిపోయేది. ఎవరికి భయపడ్డాను? ఆయన కేసు పెట్టడు. తిట్టడు కూడా. తువ్వాల భుజం మీద వేసుకుని "పోనీ సారు" అనేవాడు. నన్ను ఆపింది భయం కాదు. ఆయన అక్కడ నవ్వు మొహంతో, నాటకంలో తన వంతు మాట కోసం చూస్తున్నట్టు కూర్చున్నాడు.

"ఏమంటాంది సారు నా ఎక్కువ బొక్క?" అన్నాడు.

"ఒరుసుకుంటాంది. తీసేద్దాం."

అంతే. ఆ ముక్కను తీసేయడమే ఆ దశలో చేయవలసిన పని. ఏ పెద్ద డాక్టరైనా అదే చేసేవాడు. వైద్యం సరైనదే, కారణం ఒక్కటే అబద్ధం. ఈ వాక్యాన్ని చాలా ఏళ్లు పరుపులా వాడుకున్నాను. బాగానే నిద్రపట్టేది. ఈమధ్యనే గుచ్చుకుంటోంది.

జగిత్యాలలో ఆపరేషన్ చేశాను. నడుముకు మత్తు ఇచ్చి బోర్లా పడుకోబెట్టాం. కింద ఏమీ తెలియదు కానీ మనిషి మెలకువగానే ఉంటాడు. తెర అవతల ఆయన తల, ఇవతల ఆయన కాలు. రెండింటికీ సంబంధం లేనట్టుగా ఉంటుంది ఆ ఏర్పాటు. డాక్టర్లకు అది సుఖం. ముక్క బయటికి వచ్చింది. చిమటాతో పట్టుకుని చూస్తున్నాను.

తెర అవతల నుంచి అడిగాడు. "దొరికిందా సారు?"

"దొరికింది."

"ఎట్లున్నది?"

చేతి తొడుగు ఉన్నా తెలుస్తుంది. ఒక వైపు వేలితో తడిమాను. ఇంకోవైపు తడిమాను. అక్కడ సిస్టరు ఉంది, మత్తు డాక్టరు ఉన్నాడు. ఇద్దరూ నా జోకు కోసమే చూస్తున్నారని అనిపించింది. నిజానికి సిస్టరు దూది లెక్కపెడుతోంది, మత్తు డాక్టరు ఫోన్ చూసుకుంటున్నాడు. ఎవరూ నన్ను చూడటం లేదు. అయినా అన్నాను.

"నున్నగున్నది నర్సన్నా. ఏటిరాయి లెక్క."

ఆయన నవ్వితే మంచం కదిలింది. "నాకిస్తరా సారు? ఇంటికాడ సూపెట్టాలె."

"పరీక్షకు పంపాలె," అన్నాను. ఏ పరీక్షకూ పంపలేదు. మిగతా చెత్తతో కలిపి పారేయించి, పోయిందో లేదో మళ్లీ చూసి వచ్చాను. ఆయన కేసు మొత్తంలో నేను అంత శ్రద్ధగా చేసిన పని అదొక్కటే.

గాయం మానింది. నొప్పి కొంత తగ్గింది. చదును నేల మీద నడవగలడు. గెట్ల మీద, రాళ్ల మీద పాదం పక్కకు ఒరిగితే మాత్రం కింది కీలు ఒప్పుకోదు. తాటిచెట్టుకు చదును ఎక్కడ ఉంటుంది? చెట్లు వేరేవాళ్లకు పోయాయి. ఆయన భార్యనూ బిడ్డనూ తీసుకుని సిరిసిల్లలో బావమరిది దగ్గరికి పోయి సాంచాలలో చేరాడని విన్నాను. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. సాంచాల మధ్య నేల చదునే. కాకపోతే పూటంతా నిలబడే ఉండాలి. విని, "అట్లనా" అన్నాను.

ఆ తరవాత సిరిసిల్ల వెళ్లిన ప్రతిసారీ ఆ మగ్గాల చప్పుడు నాకు వేరేగా వినబడేది. ఊరంతా టకటకమంటుంటుంది, ఏ చప్పుడు ఎవరిదో తెలియదు. మధ్యాహ్నం ఒక్కణ్ణే హోటల్లో అన్నం తింటూ, వీటిలో ఒకటి ఆయనది అనుకునేవాణ్ణి. వెళ్లి చూడొచ్చు. దూరమేమీ కాదు. నేను ఎముకల డాక్టర్ని, నా కాళ్లు బాగానే ఉన్నాయి. వెళ్లలేదు. వెళితే ఏమంటాను? ఆయన్ని నవ్వించకుండా ఎలా మాట్లాడాలో నాకు తెలియదు. నిజం చెబుతున్నాను, ఎవరితోనూ తెలియదు.

చివరికి ఆయనే వచ్చాడు. పోయినేడు సిరిసిల్లలో, పేషెంట్లు పలచబడ్డ ఒక మధ్యాహ్నం. జుట్టు నెరిసింది. వెంట ఆయన బిడ్డ శిరీష, డిగ్రీ అయిపోయిన పిల్ల. కాన్వాస్ బూట్లు వేసుకుంది.

"గుర్తువట్టిండ్రా సారు?"

"నిన్ను మరిచినా నీ బొక్కను మరుస్తనా," అన్నాను. చూశారా. అన్నేళ్ల తరవాత కూడా నా నోట్లోంచి ముందు వచ్చింది అదే.

ఆయన బిడ్డ వైపు గర్వంగా చూశాడు. "చెప్పలేనా, సారుకు నేనంటె ఎంత యాదో." తరవాత సంగతిలోకి వచ్చాడు. "ఇది పోలీసు సెలక్షన్లకు ఉరుకుత అంటాంది సారు. కాలేజీ గ్రౌండుల పొద్దుగాల ఉరుకుతాంది. ఇప్పుడు మడిమెనుక గుంజుతాందట. నేనేమన్ననంటె, బిడ్డా, గది మన ఇంటి బొక్క, మీ తాతకు గూడ ఉండె, గందుకే ఆయన గట్ల వంకర నడిచేటోడు, నువ్వు ఉరుకకు, నా లెక్క అయితవు అన్న. ఇంటలేదు."

వాళ్ల తాత వంకర నడకకు కారణం ఆయన గీసిన కల్లేనని మా ఊరందరికీ తెలుసు. నా జోకు ఆ ఇంట్లో వంశవృక్షం అయింది. పైకి తాత దాకా ఎక్కింది, కిందికి ఈ పిల్ల కాళ్లలోకి దిగింది.

పరీక్ష చేశాను. ఈసారి వెనక నొక్కాను, బొటనవేళ్లు ముడిపించాను, రెండు కాళ్లూ ఎక్స్‌రే తీయించాను. ఇంత చక్కటి పరీక్ష నేను చేయగలనని నాకే ముచ్చటేసింది. ఏమీ లేదు. కొత్తగా ఎక్కువ పరుగెత్తడం వల్ల పెద్దనరం పట్టేసింది, అంతే.

"ఏం లేదు బిడ్డా. రెండువారాలు జర తక్కువ ఉరుకు. తర్వాత మంచిగ ఉరుకు," అన్నాను.

నర్సాగౌడ్ ఒప్పుకోలేదు. "ఇప్పుడు కనవడకపోవచ్చు సారు. నాకు గూడ పెద్దోన్ని అయినదాంక ఎర్కలేకపాయె గద. నౌకరి అచ్చినంక కాలు పోతె ఏం జేస్తది? సాంచాల నిలవడుతదా? మీరే చెప్పుండ్రి వద్దని. మీ మాటయితె ఇంటది."

"గది తాతల నుంచి వచ్చేది కాదు నర్సన్నా."

"కాకపోతె నాకెట్లచ్చింది మరి?"

నేను నిజం చెప్పడానికి ఆయనే తలుపు తెరిచి పట్టుకున్నట్టయింది. నేను లోపలికి పోకుండా గడప మీద నిలబడి, "గది దేవుణ్ణి అడగాలె," అన్నాను. ఆయన నవ్వాడు. శిరీష నవ్వలేదు. ఆ పిల్ల తన ఎక్స్‌రేను కాసేపు చూసి, నెమ్మదిగా అడిగింది.

"సారు, పుట్టుకతోటి ఉన్న బొక్క గన్నేండ్లు చెట్లెక్కినా నొయ్యకుంట, కిందవడ్డనాడే ఎందుకు నొచ్చింది?"

నేను పదేళ్లు చదివిన చదువు ఆ ప్రశ్న వేయడానికే. నేను వేయలేదు. ఆ పిల్ల వేసింది.

రెండు ఇంగ్లీషు మాటలు చెప్పి దాటేయవచ్చు. అలవాటే. కానీ దాటేస్తే ఏమవుతుందో నాకు ఎదురుగా కనబడుతోంది. ఆ బూట్లు ఇంట్లో మూలకు పోతాయి. లేని బొక్క కోసం ఒక మనిషి పరుగు ఆగిపోతుంది.

"గది ఎక్కువ బొక్క కాదు నర్సన్నా," అన్నాను. "నీ బొక్కే. కిందవడ్డనాడు విరిగింది. నేను సరిగ్గ చూడలే."

ఆయన నవ్వు మొహంతోనే ఉండిపోయాడు. మిగతా సగం కోసం చూస్తున్నాడు. నా మాటలకెప్పుడూ ఒక మిగతా సగం ఉంటుంది. బయట మగ్గాలు టకటకమంటున్నాయి. మిగతా సగం రాలేదు. ఆ నవ్వు ఆయన మొహం మీంచి పోవడానికి చాలాసేపు పట్టింది. దాన్ని చివరిదాకా చూశాను. చూడాల్సిందే అనిపించింది.

"అంటె, అందరికన్న నాకొకటి ఎక్కువున్నదన్నది?"

"లేదు."

"గది గూడ లేదా," అన్నాడు. నన్ను అడిగినట్టు లేదు. తరవాత నన్నే అడిగాడు, "అప్పుడే కట్టు కడితె అతుకుతుండెనా?"

"అతికేదే అనుకుంట."

"చెట్టెక్కుతుంటినా?"

"ఎక్కుతుంటివి కావచ్చు."

ఆయన తల ఊపాడు. తన కాలును చూడలేదు. బిడ్డ కాళ్లను చూశాడు. "అయితె ఇది ఉరుకచ్చు."

"ఉరుకచ్చు."

"ఉరుకు బిడ్డా ఇగ," అన్నాడు.

ఇక్కడితో ఆపితే నేను ఆలస్యంగానైనా నిజం చెప్పిన మనిషినవుతాను. ఆ గదిలో నాకూ కాసేపు అలాగే అనిపించింది, తేలికగా, కొంచెం గొప్పగా కూడా. కానీ శిరీష ఇంకా కుర్చీలోంచి లేవలేదు.

"ఆపరేషన్ల గూడ తెల్వలేదా సారు? చేతుల వట్టుకున్నప్పుడు?"

నేను నోరు తెరిచాను. ఏమనబోయానో ఇప్పటికీ తెలియదు. అనాలనే తెరిచానని నమ్మాలని ఉంది. నాకన్నా ముందు నర్సాగౌడ్ అందుకున్నాడు. నన్ను కాపాడటానికి అందుకున్నాడు. నేను పాడుచేసిన కాలు మీద ఇన్నేళ్లు నడిచిన మనిషి, ఆ పూట నా పరువు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎట్ల తెలుస్తది బిడ్డా? గప్పుడు సారు అన్నడు గద, నున్నగున్నదని. నేను ఇన్న. నున్నగుంటె ఎవలైన గట్లనే అనుకుంటరు." నా వైపు తిరిగాడు. "అంతే గద సారు?"

నా అబద్ధాన్ని నాకు సాక్షిగా నిలబెట్టాడు. అన్నేళ్లు దాన్ని పదిలంగా దాచిపెట్టుకుని, సమయానికి తీసి నా చేతిలో పెట్టాడు.

నేను తల ఊపాను.

మొదట సరిగ్గా చూడకపోవడం పొరపాటు. తెర ఇవతల నుంచి అన్న మాట పిరికితనం. కానీ ఆ తల ఊపడానికి నాకు పేరు దొరకడం లేదు. శిరీష నా మొహం చూడలేదు, నా చేతులు చూసింది. తరవాత లేచి, తండ్రికి చెయ్యి ఆసరా ఇచ్చి, "పోదాం బాపు" అంది. ఆయన గుమ్మం దగ్గర ఆగాడు. ఏదో ఒక మాట అంటాడనుకున్నాను, మా ఇద్దరి అలవాటు ప్రకారం. భుజం మీది తువ్వాల సర్దుకుని వెళ్లిపోయాడు. ఆ తరవాత మళ్లీ రాలేదు. నేను నిజం చెప్పి ఆయనకిచ్చిందేమిటి? చెట్లు పోయిన సంగతి ఆయనకు ముందే తెలుసు. అందరికన్నా ఒకటి ఎక్కువ ఉందన్న మాట ఒక్కటి మిగిలి ఉండేది, అది కూడా తీసేశాను. ఆ ఆపరేషన్‌కు మత్తు కూడా ఇవ్వలేదు.

మొన్నొక పొద్దున సిరిసిల్లలో కాలేజీ గ్రౌండు పక్కనుంచి వస్తుంటే చూశాను. ఆడపిల్లలు కొందరు పరుగెత్తుతున్నారు. వాళ్లలో శిరీష ఉంది. పాదం చక్కగా పడుతోంది, చక్కగా లేస్తోంది. నాకు అలా తప్ప చూడటం రాదు. గోడ వారగా నర్సాగౌడ్ నిలబడి ఉన్నాడు, బరువంతా మంచి కాలు మీద వేసి. చేతిలో నీళ్ల సీసా. బిడ్డ తన ముందు నుంచి పోయినప్పుడల్లా తల అటు తిప్పుతున్నాడు. కారు నెమ్మది చేశాను. ఆపలేదు. ఆపి దిగితే, ఆయన నవ్వుతాడేమోనని భయం వేసింది. నవ్వకపోతే ఏం చేయాలో కూడా తెలియలేదు.

ఎప్పుడో ఒకరోజు వెళ్లి మిగతా సగం కూడా చెబుతానని మీకు మాట ఇవ్వను. నా మాట విలువ ఇప్పటికి మీకు తెలిసే ఉంటుంది. ఆయన క్షమిస్తాడని తెలుసు, అందుకే అడగబుద్ధి కాదు. అంత తేలికగా దొరికేది తీసుకునే అర్హత నాకు లేదు. మీరు క్షమించినా దానితో నేను చేసేదేమీ లేదు. నేను పాడుచేసింది మీ కాలు కాదు కదా.

ఒక్కటి మాత్రం చేయగలను. తెర అవతల నుంచి ఒక మనిషి బోర్లా పడుకుని, నన్ను నమ్మి, ఒక ప్రశ్న అడిగాడు. ఎట్లున్నది, అని. దానికి జవాబు ఇన్నేళ్లుగా నా వేలి చివర ఉంది. ఎక్కడా అనలేదు, నాలో నేను కూడా. ఇక్కడ రాస్తున్నాను. రాస్తుంటే వేలు కొంచెం తేలికైంది. అంతకుమించి ఏమీ కాలేదు.

గరుకుగ ఉండె, నర్సన్నా. ఏలుతోని తడిమి చూసిన. ఇరిచిన బెల్లంముక్క లెక్క ఉండె.